ఒక్క దమ్ములో పన్నెండు నెలలు: నల్గొండ నడక ప్రాజెక్టు డైరీ

ఉగాది దాటాక

నడక అయిపోయాక "పానం హాయిగుంది" అన్న మనిషి కొన్నాళ్లకే గ్రౌండుకు రావడం ఎందుకు మానేస్తుంది? ఈ ప్రాజెక్టు ప్రశ్న ఇదే.

మాది నల్గొండ ఎన్జీ కాలేజీ గ్రౌండులో పొద్దున్నే నడిచే ఆడవాళ్ల గుంపు. ఇల్లు చూసుకునేవాళ్లు, అంగన్‌వాడీ టీచర్లు, బట్టలు కుట్టే అక్క, బ్యాంకులో పనిచేసే అమ్మాయి, హైస్కూల్లో సైన్సు చెప్పే నేను. షుగర్ రిపోర్టు చేతికి రాగానే కొత్తవాళ్లు వచ్చి చేరతారు. చేరినంత తొందరగానే మానేస్తారు. ఎందుకని అడిగితే నల్లా వచ్చే టైమనో, పిల్లల టిఫిన్ డబ్బాలనో, మోకాళ్లనో చెప్తారు. అవి అబద్ధాలు కావు. కానీ అవే నల్లాలు, అవే టిఫిన్ డబ్బాలు ఉన్నవాళ్లు కొందరు ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నారు. తేడా ఇంకెక్కడో ఉండాలి.

వ్యాయామం మనసుకు మంచిదని అందరం వింటాం. ఎంత గట్టిగా చేస్తే అంత మంచిదా అన్న దగ్గర లెక్క అంత సూటిగా ఉండదు. అమెరికాలో పనిచేసే పరిశోధకుడు పాంటెలైమోన్ ఎక్కెకాకిస్ 2003లో దీనిమీద ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు. శ్రమ ఒక హద్దు దాటనంతవరకు చాలామందికి హాయిగానే ఉంటుంది. ఆ హద్దు దగ్గర రక్తంలో లాక్టేట్ (కండరాలు కష్టపడినప్పుడు తయారయ్యే పదార్థం) పేరుకోవడం మొదలవుతుంది, ఊపిరి శ్రమకు మించి పెరుగుతుంది. అక్కడి నుంచి మనుషులు విడిపోతారు: కొందరికి ఆ కష్టమే ఇష్టం, కొందరికి చిరాకు. ఇంకా పైకి, శరీరం నిలకడగా తట్టుకోలేని స్థాయికి వెళ్తే దాదాపు అందరికీ బాధే. అప్పుడు మనసుకు ఎంత నచ్చజెప్పుకున్నా పెద్దగా పనిచేయదు, ఎందుకంటే శరీరం పంపే సంకేతాలు ఆలోచన కంటే బలంగా ఉంటాయి. ఇక ఆ శ్రమ ఆపిన కొద్ది నిమిషాల్లోనే ఉల్లాసం తిరిగొస్తుంది.

ఈ చివరి సంగతి నాకు చాలా ముఖ్యమనిపించింది. అంతా అయ్యాక అడిగితే మెల్లగా నడిచిన మనిషీ, రొప్పుతూ నడిచిన మనిషీ ఒకే మాట చెప్తారు. కాబట్టి నడక మధ్యలోనే అడగాలి.

పనిముట్లు

వ్యాయామం మధ్యలో మనసు ఎట్లుందో అడగడానికి హార్డీ, రెజెస్కీ అనే ఇద్దరు 1989లో ప్రచురించిన కొలబద్ద ఉంది. మైనస్ 5 నుంచి ప్లస్ 5 వరకు, నడుమ సున్నాతో కలిపి పదకొండు మెట్లు. ప్లస్ వైపు హాయి, మైనస్ వైపు బాధ. కష్టం ఎంతో చెప్పడానికి స్వీడన్‌కు చెందిన గున్నర్ బోర్గ్ తయారుచేసిన కొలబద్ద వేరే ఉంది, అది 6 నుంచి 20 దాకా పోతుంది. ఈ రెండూ విడివిడిగా అడగాల్సినవి. కష్టపడుతూ కూడా సంతోషంగా ఉండొచ్చు, ఏ కష్టమూ లేకుండా విసుగ్గానూ ఉండొచ్చు. కానీ పొద్దున్నే నడిచేవాళ్లకు రెండు రకాల అంకెలు పెడితే తికమక. అందుకని మనసుకు మాత్రం అంకె ఉంచి, కష్టానికి ఇంకో దారి వెతికాను.

జిరాక్స్ సెంటర్లో పదకొండు మెట్ల కార్డులు చేయించి, లామినేషన్ వేయించి, మెడలో వేసుకునేలా ట్యాగులు కట్టాను. మొదటి పొద్దున అందరూ "ప్లస్ నాలుగు", "ప్లస్ నాలుగు" అన్నారు. పక్కన వదిన నడుస్తుంటే ఆడబిడ్డ మైనస్ చెప్పదు కదా. అంకె ఎవరికీ వినపడకూడదు. నడుస్తూ రాయడం కుదరదు.

దీనికి ఫోను పనికొచ్చింది. చుట్టు పూర్తికాగానే ఒక్కొక్కరూ కొంచెం పక్కకు జరిగి, నా నంబరుకు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాలి. ముందు అంకె చెప్పాలి, ఆ వెంటనే చైత్రం నుంచి ఫాల్గుణం దాకా పన్నెండు నెలల పేర్లు ఒక్క దమ్ములో చెప్పాలి. నడుస్తూ మాట్లాడగలగడం శ్రమను అంచనా వేయడానికి వ్యాయామ శాస్త్రంలో బాగా గుర్తింపున్న పద్ధతి. మాట సాఫీగా సాగితే శ్రమ ఆ మొదటి హద్దుకు లోపలే ఉందని, మాట తెగుతుంటే హద్దు దగ్గరికి వచ్చిందని అర్థం. ఫాల్గుణం దాకా పోతే హాయి నడక, ఆశ్వయుజం చుట్టుపక్కల గాలి పీల్చుకుంటే హద్దు, శ్రావణం కూడా రాకముందే ఆగితే హద్దు దాటినట్టు. ఈ గుర్తులు మా గుంపు కోసం నేను పెట్టుకున్నవి. బ్యాంకు అమ్మాయికి తెలుగు నెలల వరస రాదు, తను జనవరి నుంచి చెప్తుంది. తన మెసేజ్‌లను తన పాత మెసేజ్‌లతోనే పోల్చాలి.

నాడి కూడా చూస్తున్నాం, మణికట్టు దగ్గర పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించి. 208 లోంచి వయసులో పదింట ఏడు వంతులు తీసేస్తే గుండె గరిష్ఠ వేగం సుమారుగా వస్తుంది. యాభై ఏళ్ల మనిషికి అది 173. మధ్యస్థ శ్రమ అంటే అందులో 64 నుంచి 76 శాతం, అంటే దాదాపు 111 నుంచి 131. అయితే మాలో బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్లున్నారు. ఆ మాత్రలు గుండె వేగాన్ని అంతగా పెరగనివ్వవు. వాళ్ల నాడి చూసి శ్రమను అంచనా వేయడం ప్రమాదం. గొంతు మాత్రం మాత్రలకు లొంగదు. అందుకే నాడి తోడుగా ఉంటుంది, తీర్పు మాత్రం గొంతుదే.

ఎండలు ముదిరాక

నల్గొండ ఎండ గురించి నల్గొండవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆరున్నరకే గ్రౌండు కాలుతుంది. వేడికి నాడి దానంతటదే పెరుగుతుంది, మనసూ చిరాకు పడుతుంది. అది నడక వేగం వల్లా, ఎండ వల్లా అన్నది విడదీయలేం. ఈ రోజుల అంకెలన్నీ పక్కన పెట్టేశాను.

కొన్నాళ్లు చీకటితోనే పానగల్లు వెళ్లి ఉదయ సముద్రం చెరువు కట్ట మీద నడిచాం. నీళ్ల మీది గాలికి అదే వేగంలో అందరి అంకెలూ పైకి జరిగాయి. సంతోషమే కానీ లెక్కకు అడ్డం. చోటు కూడా మనసును మారుస్తుందని రాసుకుని, వేగం సంగతి తేలేదాకా పోలికలన్నీ గ్రౌండులోనే అని నిర్ణయించాను.

మృగశిర తర్వాత

వానలు పడి నేల చల్లబడింది. అసలు పని ఇప్పుడు మొదలు.

2008లో లిండ్, ఎక్కెకాకిస్, వజూ చేసిన ఒక ప్రయోగాన్ని మా గ్రౌండుకు తెచ్చుకోవాలని నా ఆశ. వ్యాయామం అలవాటు లేని నడివయసు ఆడవాళ్లను ఒకసారి తమకు నచ్చిన వేగంతో ట్రెడ్‌మిల్ మీద నడిపించారు, ఇంకోసారి దానికి కేవలం పది శాతం ఎక్కువ వేగం పెట్టి నడిపించారు. తమ వేగంలో ఉన్నప్పుడు హాయి నిలకడగా ఉంది. పది శాతం పెంచినప్పుడు నడక సాగేకొద్దీ తగ్గుతూ పోయింది.

మాకు ట్రెడ్‌మిల్ లేదు. ఫోనులో మెట్రోనోమ్ యాప్ ఉంది, మనం పెట్టిన వేగానికి టిక్కు టిక్కుమంటుంది. ముందు ఒక్కొక్కరూ తమ ఇష్టప్రకారం నడుస్తుంటే నిమిషానికి ఎన్ని అడుగులు పడుతున్నాయో లెక్కపెట్టాం. ఎవరికైనా వంద పడితే, మరోరోజు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి నూట పది టిక్కులకు నడవమన్నాం. అడుగు పొడవు మారకపోతే వేగం పది శాతం పెరిగినట్టే. నాలుగు వందల మీటర్ల చుట్టు అయిదు నిమిషాల్లో వేసే మనిషి ఇప్పుడు దాదాపు నాలుగున్నర నిమిషాల్లో వేస్తుంది. చూసేవాళ్లకు ఆ తేడా కనపడదు కూడా.

కానీ మెసేజ్‌లలో వినపడుతుంది. సొంత వేగంలో ప్లస్ 2, ప్లస్ 3 చెప్పినవాళ్లు ఆఖరి చుట్టు దాకా అక్కడే ఉన్నారు. టిక్కులకు నడిచిన రోజు మొదటి చుట్టు బాగానే ఉంది, తర్వాత ఒక్కో మెట్టు దిగుతూ వచ్చింది. కుట్టు మిషన్ అక్క అయితే సున్నా చెప్పి, "ఈ టిక్కు టిక్కు నన్ను తరుముతున్నట్టే ఉంది మేడం" అంది. తన నెలలు మాత్రం ఫాల్గుణం దాకా సాఫీగా వచ్చాయి! ఊపిరి తేలిగ్గా ఉంది, మనసు బరువెక్కింది.

దీనికి కారణం వేగమా, టిక్కుల శబ్దమా, ఒకరు చెప్తే నడుస్తున్నాననే భావనా? విడదీయాలంటే టిక్కులను తన సొంత వేగానికే పెట్టి నడిపించాలి. పెట్టాం. అప్పుడూ అక్క అంకె కొంచెం తగ్గింది, నూట పది నాటి అంత కాదు. అంటే కొంత బలవంతానిది, మిగతాది వేగానిది అని నా అంచనా. ఒకరిద్దరికి టిక్కులు నచ్చాయి కూడా, తోడు నడుస్తున్నట్టుంది అన్నారు.

నాకు ఎక్కువ బాధ కలిగించినవి కొత్తగా చేరినవాళ్ల మెసేజ్‌లు. బ్యాంకు అమ్మాయి మాట్లాడుకుంటూ నడిచే వేగానికే, ఈ మధ్యే షుగర్ బయటపడి చేరిన ఒక వదినకు ఆషాఢం దగ్గర మాట తెగిపోతోంది. ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు, అడుగులు కలిశాయి. కానీ ఒకరి శరీరం షికారు చేస్తోంది, ఇంకొకరి శరీరం పరుగెత్తుతోంది. బరువు ఎక్కువున్నవాళ్లకు, ఏళ్లుగా శ్రమ అలవాటు లేనివాళ్లకు ఆ హద్దు చాలా తొందరగా వస్తుంది. మామూలు నడకే దాన్ని దాటించొచ్చు. సరిగ్గా అలాంటి మనిషికే మనం ఏం చెప్తాం? "ఇంకా గట్టిగ నడువు, చెమట పట్టాలె, లేకుంటె ఏం లాభం!" ప్రేమతోనే చెప్తాం. ఆ ప్రేమే ఆమెను ఇంటికి పంపేస్తోందని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తోంది. 2008లోనే డేవిడ్ విలియమ్స్ బృందం చేసిన మరో అధ్యయనంలో, మధ్యస్థ వ్యాయామం చేస్తుండగా ఎక్కువ హాయి చెప్పినవాళ్లు ఆరు నెలలకూ, ఏడాదికీ కూడా ఎక్కువ చురుగ్గా ఉన్నారని తేలింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ చెప్తాయి, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర శ్రమ. రెండు దారులూ తెరిచే ఉన్నాయి. అంతకంటే తక్కువ చేసినా అసలు చేయకపోవడం కంటే మేలని కూడా అవే చెప్తాయి. వదినకు ఈ మాట అచ్చుకాగితం చూపించి మరీ చెప్పాను.

ఉరికే పిల్లలు

అదే గ్రౌండులో కానిస్టేబుల్ పరీక్షకు తయారయ్యే పిల్లలు ఉరుకుతుంటారు. 2022 నోటిఫికేషన్ ప్రకారం అబ్బాయిలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలి. గంటకు 13 కిలోమీటర్లు, 9 కిలోమీటర్ల లెక్క. మా కొలబద్ద గురించి తెలిసి వాళ్లే వచ్చి అడిగారు, మమ్మల్ని కూడా కొలవండి మేడం అని.

ఆఖరి చుట్టులో వాళ్లకు నెలల పేర్లు కాదు కదా, ఒక్క మాట రాదు. చేత్తో చూపించమన్నాను: బొటనవేలు కిందికైతే మైనస్, పైకైతే ప్లస్, తర్వాత వేళ్లతో అంకె. ఆఖరి మలుపులో బొటనవేళ్లన్నీ కిందికే. గడ్డిలో కూర్చుని ఊపిరి కుదుటపడ్డాక అవే చేతులు పైకి లేచాయి. ఒక అబ్బాయి అన్నాడు: "ఉరికేటప్పుడు ఇగ జన్మల ఉరుకొద్దు అనిపిస్తది మేడం. నీళ్లు తాగినంక రేపు ఇంకో రెండు సెకన్లు తగ్గిస్త అనిపిస్తది."

వీళ్లకు మధ్యలో బాధ ఉన్నా మానరు. ముందు ఉద్యోగం ఉంది, పక్కన దోస్తులున్నారు, గడియారంలో తగ్గే సెకన్లు కంటికి కనిపిస్తున్నాయి. ఆ ఆసరా లేని మనిషిని అదే బాధలోకి తోస్తే ఎందుకు నిలబడుతుంది?

పరుగు తర్వాతి హుషారుకు ఎండార్ఫిన్లు కారణమని మా పాఠాల్లో చెప్పుకుంటాం. 2021లో జర్మనీ పరిశోధకులు ప్రచురించిన ఒక ప్రయోగంలో, ఎండార్ఫిన్లు పనిచేసే గ్రాహకాలను నాల్ట్రెక్సోన్ మందుతో మూసేసినా పరుగెత్తినవాళ్లకు హుషారు వచ్చింది. ఇప్పుడు చూపు ఎండోకెనాబినాయిడ్లు అనే, శరీరం తానే తయారుచేసుకునే ఇంకో రకం పదార్థాల మీదికి మళ్లింది. 2013లో రైక్లెన్ బృందం చూసినప్పుడు రక్తంలో అవి బాగా పెరిగింది మధ్యస్థ శ్రమలోనే. మరీ మెల్లగా నడిచినప్పుడూ, మరీ తీవ్రంగా ఉరికినప్పుడూ అంతగా పెరగలేదు. పదో తరగతి పిల్లలకు ఈ రెండు ప్రయోగాలూ చెప్పాలని రాసిపెట్టుకున్నాను.

ఒక జాగ్రత్త. ఈ పిల్లల్ని చూసి మా గుంపులో ఒకరిద్దరు ఉరుకుతామన్నారు. షుగరు, బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఆ పని చేయొద్దని, ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం అనిపిస్తే అక్కడికక్కడే ఆగాలని చెప్పి ఆపాను.

లతీఫ్ సాహెబ్ గుట్ట

కష్టం ముందా, తేలిక ముందా అన్న వరస మారిస్తే ఏమవుతుంది? 2016లో జెంకో, ఎక్కెకాకిస్, ఏరియలీ పదిహేను నిమిషాల సైకిల్ వ్యాయామాన్ని రెండు రకాలుగా చేయించారు. ఒక గుంపుకు తేలిగ్గా మొదలై కష్టంతో ముగిసింది, ఇంకో గుంపుకు కష్టంతో మొదలై తేలిగ్గా ముగిసింది. కష్టం తగ్గుతూ పోయినవాళ్లకే అది హాయిగా గుర్తుండిపోయింది, ఇంకోసారి చేస్తే హాయిగా ఉంటుందని కూడా వాళ్లే ఎక్కువగా అనుకున్నారు.

ఎక్కడం ముందు, దిగడం తర్వాత; ఈ వరస గుట్టకు సహజంగానే ఉంది. మోకాళ్లు బాగున్న వాళ్లం లతీఫ్ సాహెబ్ గుట్ట మీది దర్గా మెట్లెక్కాం. సగం దారిలో మెసేజ్‌లు జ్యేష్ఠం దగ్గరే ఆగిపోయాయి, అంకెలు మైనస్‌లోకి జారాయి. పైన కూర్చుని నల్గొండ మొత్తం చూస్తూ గాలి పీల్చుకుంటే ప్లస్‌లోకి వచ్చేశాయి. దిగేటప్పుడు ఊపిరి తేలిక, కానీ మోకాళ్ల మీద బరువు పడుతుంది. నలభై దాటినవాళ్లకు గుట్ట రోజువారీ మందు కాదని తేల్చుకుని, ఆ వరసను మాత్రం గ్రౌండుకు తెచ్చాం: ఒళ్లు వేడెక్కాక గట్టి చుట్లు ముందు, తేలిక చుట్లు ఆఖరున.

దీనికోసం కొత్త ప్రశ్న కలిపాను. రాత్రి వంట అయ్యాక అందరికీ ఒకటే మెసేజ్: "పొద్దుటి నడక ఇప్పుడు గుర్తుచేసుకుంటే ఎంత?" రాత్రి వచ్చే అంకె పొద్దుటి అంకెల సగటు దగ్గర ఉండటం లేదు. ఆఖరి చుట్టు అంకె దగ్గరే ఉంటోంది. ఆఖరి చుట్టు బతికితే రేపటి నడక బతికినట్టే. ఇంతకుముందు మేము చేసింది దీనికి ఉల్టా: "ఆఖరి చుట్టు, గట్టిగ వెయ్యండి!" అని అరుచుకుంటూ ముగించేవాళ్లం.

మునుగోడు పెద్దమ్మ

ఒక పెద్దమ్మ పేజీ వేరుగా పెట్టాను. మునుగోడు వైపు పుట్టి, ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగిన మనిషి. నడుము వంగదు, మెడ తిరగదు. నెలల పేర్లు ఒక్క దమ్ములో గడగడా చెప్పేస్తుంది, అంకె మాత్రం మైనస్ 2. "బిడ్డా, నా నంబరు నడకది కాదు, నడుముది" అంది. శ్రమ హద్దులోనే ఉన్నా కీళ్ల నొప్పి మనసును లాగేస్తుంది. ఇటువంటి వాళ్లను వేగం లెక్కల్లో కలపకూడదు. ఆమె కోసం సగం చుట్టుకొకసారి కూర్చునేలా చేశాం. కూర్చున్నప్పుడు ఎవరో ఒకరు పక్కన కబుర్లు చెప్తే అంకె సున్నా దాటుతోంది.

బతుకమ్మ రోజులు

ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా నడకకు సెలవు. పనికి మాత్రం కాదు. వాడకట్టులో బతుకమ్మ ఆడుతుంటే చూస్తూ రాసుకున్నాను.

ఆట మధ్యలో ఎవరినీ ఆపి అంకె అడగబుద్ధి కాలేదు. అడగాల్సిన పనీ లేదని తర్వాత అర్థమైంది. ఒకరు పాట అందుకుంటే మిగతావాళ్లు ఉయ్యాలో అని కలుపుతారు. కలపగలుగుతున్నారంటే ఊపిరి హద్దులోనే ఉంది. పాట జోరందుకుని చప్పట్లు వేగం పెరిగినప్పుడు, దమ్ము సరిపోనివాళ్లు నోరు కదపడం ఆపేస్తారు, రెండడుగులు పక్కకు జరుగుతారు, కొంగుతో ముఖం తుడుచుకుని మళ్లీ చోటు చూసి కలిసిపోతారు. ఎందుకు ఆగినవని ఎవరూ అడగరు. ఎవరూ వెనకబడరు కూడా, గుండ్రంగా తిరిగే ఆటలో వెనక అనేదే లేదు. పొద్దున ఆషాఢం దగ్గర ఆగిపోయే వదిన ఇక్కడ చాలాసేపు ఆడింది. అయ్యాక మెసేజ్ పెట్టింది, ప్లస్ 4. ఆమె నుంచి ఆ అంకె రావడం నేను ఎప్పుడూ చూడలేదు.

దీంతో గ్రౌండులో నడిచే పద్ధతే మార్చాం. ముందు నడిపించే మనిషి లేదు. ఎవరి వేగం వాళ్లది. అలసిన మనిషి బెంచీ మీద కూర్చుని, తన జట్టు చుట్టు తిరిగి వచ్చినప్పుడు కలుస్తుంది. గట్టి చుట్టు వేయాలా వద్దా అన్నది ఎవరికి వాళ్లే ఆ పొద్దున చెప్పుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్లకు చెప్పేది ఒక్కటే: నెలలు ఫాల్గుణం దాకా పోయేలా నడవండి, చెమట సంగతి తర్వాత.

కార్తీకం

చలి మొదలైంది. వదిన ఇంకా వస్తోంది. ఆమె చుట్టు చేరిన కొత్తలో కంటే తొందరగా అవుతోంది, నెలలు మార్గశిరం దాకా వస్తున్నాయి. వేగం పెంచమని ఎవరూ చెప్పలేదు.

తర్వాతి పని మా స్కూల్లో. ఎనిమిదో తరగతి ఆడపిల్లల్లో కొందరు గేమ్స్ పీరియడ్ రాగానే కడుపునొప్పి అంటారు. అందరూ కలిసి ఉరికే చోట ఆఖరున వచ్చే పిల్లలే వాళ్లలో ఎక్కువ. పీఈటీ సార్‌తో మాట్లాడాను, గ్రౌండు చుట్టూ ఎవరి వేగంతో వాళ్లు తిరిగే ఒక పీరియడ్ ఇస్తానన్నారు. స్కూల్లో ఫోన్లు ఉండవు కాబట్టి వాయిస్ మెసేజ్‌లు కుదరవు. అంకెల కార్డుకు పక్కన ఒక డబ్బా, అందులో మడిచి వేసే చీటీలు అనుకుంటున్నాను. నెలల పేర్ల బదులు ఏడో ఎక్కం పెడితే లెక్కల మేడం కూడా సంతోషిస్తారు. తల్లిదండ్రుల అనుమతి కాగితాలు ఈ వారం పంపాలి, కార్డులు లామినేషన్‌కు ఇవ్వాలి.